వెండి నానో కణాలు: పసుపు రంగు నిలవడం లేదు, పది నిమిషాల్లో బూడిదరంగుకు తిరుగుతోంది

అనంత_రసాయనం
ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టర్, అనంతపురం. ప్రాజెక్టు వెండి నానో కణాల (కంటికి కనిపించనంత సన్నటి కణాల) తయారీ. సిల్వర్ నైట్రేట్‌ను సోడియం బోరోహైడ్రైడ్‌తో క్షయకరణం చేసే, అంటే వెండి అయాన్లను లోహంగా మార్చే పద్ధతి. లేత పసుపు రంగు రావాలి, వచ్చింది నిలవాలి. నాకేమో ముందు మబ్బు పట్టినట్టు తెల్లబడుతుంది, ఒక్క క్షణం పసుపు ఛాయ కనిపిస్తుంది, పది నిమిషాల్లో బూడిదరంగు. మర్నాడు పొద్దున చూస్తే అడుగున నల్లటి మడ్డి, పైన ఉత్త నీళ్ళు.

ఇప్పటికి ఐదుసార్లు చేశాను. ఐదుసార్లూ ఇంతే. "ఇది మనకు కుదిరేలా లేదమ్మా, ఏదైనా ఆకు కషాయంతో చేసి ముగించేయ్" అంటున్నారు గైడ్ సార్. మూడు వారాల్లో రికార్డు పెట్టాలి, టెన్షన్‌గా ఉంది. అయినా ఎందుకు చెడిపోతోందో తెలియకుండా వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఎవరైనా చేసినవాళ్ళుంటే చెప్పండి.

పాత_బీకరు
పాళ్ళు రాయలేదు. ఎంత గాఢత, ఎన్ని మిల్లీలీటర్లు, దేన్ని దేనిలో పోస్తున్నావు, ఐస్ పెడుతున్నావా, నీళ్ళు ఎక్కడివి, గాజుసామాను దేనితో కడుగుతున్నావు? ఈ ఆరూ చెప్పు. అప్పుడు మాట్లాడుకుందాం.

అనంత_రసాయనం
సిల్వర్ నైట్రేట్ 1 మిల్లీమోలార్, 10 మి.లీ. బోరోహైడ్రైడ్ 2 మిల్లీమోలార్, 30 మి.లీ. వెండి ద్రావణం బీకరులో తీసుకుని స్టిర్రర్ మీద పెట్టి, బోరోహైడ్రైడ్ మొత్తం ఒకేసారి పోస్తాను. ఆ తర్వాత అరగంట తిప్పుతాను. ఐస్ హాస్టల్ మెస్ ఫ్రిజ్ నుంచి తెస్తాను, ల్యాబ్‌కు వచ్చేసరికి సగం నీళ్ళయిపోతుంది. నీళ్ళు స్టోర్ రూములో 'డిస్టిల్డ్ వాటర్' అని రాసిపెట్టిన క్యాన్‌లోవి. గాజుసామాను ఆక్వా రీజియాతో (హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమం) కడిగి, కుళాయి నీళ్ళతో తొలిచి ఆరబెడతాను.

సప్తగిరి_సర్కిల్
ఏప్రిల్‌లో అనంతపురంలో ఐస్ పెట్టుకుని ప్రయోగమా! చెల్లీ, నీ ఓపికకు దండం.

పాత_బీకరు
మొదటి తప్పు వరసలోనే ఉంది. నువ్వు వెండిలో బోరోహైడ్రైడ్ పోస్తున్నావు. తిరగెయ్యాలి. బోరోహైడ్రైడ్ ముందు ఐస్‌లో ఉండాలి, అందులోకి వెండి చుక్కచుక్కగా దిగాలి, సెకనుకు ఒక చుక్క చొప్పున.

ఎందుకో చెబుతాను. 2 మిల్లీమోలార్ 30 మి.లీ. అంటే 60 మైక్రోమోళ్ళ బోరోహైడ్రైడ్. 1 మిల్లీమోలార్ 10 మి.లీ. అంటే 10 మైక్రోమోళ్ళ వెండి. ఒకటికి ఆరు. అంత ఎక్కువ ఎందుకంటే బోరోహైడ్రైడ్‌కు ఇక్కడ రెండు పనులు. వెండి అయాన్లను లోహంగా మార్చడం ఒకటి. పుట్టిన కణాల చుట్టూ చేరి, వాటికి రుణావేశపు తొడుగు వేసి, ఒకదాన్నొకటి తాకకుండా ఉంచడం రెండోది. చుక్కచుక్కగా వేస్తే ఏ క్షణంలో చూసినా పుట్టే కణం కంటే కాపాడేది ఎక్కువ ఉంటుంది. నువ్వు చేసినట్టు చేస్తే మొదట్లో వెండి ఎక్కువ, కాపాడేది తక్కువ. పుట్టిన కణాలు పుట్టినట్టే ముద్దకడతాయి.

ఇంకో మాట. 2 మిల్లీమోలార్ 100 మి.లీ.కి బోరోహైడ్రైడ్ 7.6 మిల్లీగ్రాములు చాలు. మీ త్రాసు మూడు దశాంశాలదైతే ఆ తూకాన్ని నమ్మొద్దు. పదింతల గాఢతతో చేసి, చల్లటి నీళ్ళతో పలుచన చేసుకో. అదీ ఏ పూటకా పూట. రాత్రి కలిపింది పొద్దునకు పనికిరాదు, నీళ్ళతోనే చర్య జరిగి హైడ్రోజన్‌గా పోతుంది. అందుకే ఆ సీసాకు బిరడా బిగించకూడదు కూడా.

ల్యాబ్_అక్క_కడప
పాత_బీకరు సార్ చెప్పిన వరస నిజమే. కానీ నాకు అనుమానం నీళ్ళ మీద. "ముందు తెల్లబడుతుంది" అని రాశావు చూడు, అసలు గుట్టు అక్కడే ఉంది. వెండి కణాలు పుట్టేటప్పుడు పాలరంగు రాదు. తెల్లటి మబ్బు వచ్చిందంటే సిల్వర్ క్లోరైడ్.

ఇప్పుడే ఒక పని చెయ్యి. శుభ్రమైన పరీక్షనాళికలో ఆ క్యాన్ నీళ్ళు 10 మి.లీ. తీసుకుని, సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వెయ్యి. వెనక నల్ల కాగితం పెట్టి చూడు. మసకబారితే అది డిస్టిల్డ్ వాటర్ కాదు, దాని మీద ఎవరేం రాసినా సరే.

నల్లరేగడి
మన జిల్లా నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ కదా. పళ్ళు గారపట్టేది దానివల్లే. వెండిని విరగ్గొట్టేది కూడా అదే అయ్యుంటుంది.

ల్యాబ్_అక్క_కడప
@నల్లరేగడి ఫ్లోరైడ్ సమస్య నిజమే అన్నా, కానీ ఈ నేరం దానిది కాదు. సిల్వర్ ఫ్లోరైడ్ నీళ్ళలో బాగా కరుగుతుంది, అవక్షేపం ఇవ్వదు. క్లోరైడ్ అలా కాదు. సిల్వర్ క్లోరైడ్ లీటరు నీటిలో కరిగేది సుమారు 2 మిల్లీగ్రాములే. బోరు నీళ్ళలో క్లోరైడ్ దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. క్యాన్లలో అమ్మే ఆర్.ఓ. నీళ్ళలో కూడా ఇంకా మిగిలే ఉంటుంది. తాగడానికి మంచివే, ఈ పనికి మాత్రం కావు.

సప్తగిరి_సర్కిల్
ఐస్ తొందరగా కరుగుతోందంటే దాంట్లో కాస్త రాళ్ళ ఉప్పు వెయ్యి చెల్లీ. పుల్ల ఐసు చేసేవాళ్ళు అలాగే చేస్తారు, గడ్డకట్టేంత చల్లబడుతుంది.

పాత_బీకరు
వద్దు! ఉప్పంటే సోడియం క్లోరైడ్. ఒక్క తుంపర బీకరులో పడితే మొత్తం పోతుంది. ఉత్త ఐస్ చాలు. థర్మోకోల్ పెట్టెలో పెట్టుకుని, చుట్టూ తడిగుడ్డ కప్పితే అరగంట ఆగుతుంది. బోరోహైడ్రైడ్‌ను ముందుగా ఓ పావుగంట అందులో ఉంచాలి.

సప్తగిరి_సర్కిల్
నిజమే, ఆ సంగతి తట్టలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

టిండాల్_దీపం
స్టిర్రింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అరగంట తిప్పుతానని రాసింది. ఈ పద్ధతిలో అదే పెద్ద పొరపాటు. వెండి చివరి చుక్క పడగానే స్టిర్రర్ ఆపేయాలి, బీడ్ (బీకరులో తిరిగే అయస్కాంతపు ముక్క) బయటికి తీసేయాలి. ఇంకా తిప్పితే కణాలు ఒకదానికొకటి కొట్టుకుని అతుక్కుంటాయి. పసుపు ముదురుతుంది, తర్వాత ఊదా, ఆ తర్వాత బూడిదరంగు. నేను కర్నూలులో డిగ్రీ పిల్లల చేత ఏటా చేయిస్తాను. ఎవరో ఒకరు ఆపడం మరిచిపోతారు, ఆ బీకరు మాత్రమే నల్లబడుతుంది. నా ఓటు స్టిర్రర్‌కే, నీళ్ళకు కాదు.

ల్యాబ్_అక్క_కడప
ఒక్కటే కారణం అని పట్టుబట్టకండి సార్. తెల్లదనానికి నీళ్ళు, బూడిదరంగుకు స్టిర్రర్, రెండూ ఉండొచ్చు. ఇంకోటి కూడా ఉంది. సిల్వర్ క్లోరైడ్ వెలుతురు తగిలితే ఊదా కలిసిన బూడిదరంగుకు తిరుగుతుంది. చెల్లీ, నీ స్టిర్రర్ కిటికీ పక్కనా?

అనంత_రసాయనం
అవును అక్కా, కిటికీ పక్కనే. ప్లగ్ పాయింట్ అక్కడే ఉంది.

తంగేడు_పూలు
మీ గైడ్ సార్ చెప్పినదాంట్లో తప్పేముంది? నేను తంగేడు ఆకుతో చేశాను. మన సీమలో గట్టు మీదా, బాట పక్కనా ఎక్కడ చూసినా ఉంటుంది, పైసా ఖర్చు లేదు. ఆకు కడిగి, పది నిమిషాలు కాచి, వడగట్టి, సిల్వర్ నైట్రేట్‌లో పోస్తే గంటలో ముదురు గోధుమరంగు. బోరోహైడ్రైడ్ లాంటి ఘాటు మందులతో పనేముంది? ఆకులోని పాలీఫినాల్స్ వెండిని తగ్గిస్తాయి, అవే చుట్టూ తొడుగు కూడా వేస్తాయి. పర్యావరణానికీ మంచిది.

టిండాల్_దీపం
@తంగేడు_పూలు మీ పని మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఆకులో ఏ పదార్థం ఆ పని చేసిందో చెప్పగలరా? వానాకాలపు ఆకు, ఎండాకాలపు ఆకు ఒకే ఫలితం ఇచ్చాయా? శోషణ శిఖరం (ద్రావణం ఎక్కువగా మింగే వెలుగు) ఎక్కడ వచ్చింది, ఎంత వెడల్పు?

తంగేడు_పూలు
శిఖరం 440 నానోమీటర్ల దగ్గర, కాస్త వెడల్పుగానే వచ్చింది. ఏ పదార్థమో విడిగా తేల్చలేదు, బంధాలను గుర్తించే ఎఫ్.టి.ఐ.ఆర్. పరీక్షలో ఓ.హెచ్. బంధం, కార్బొనిల్ బంధం చూపించాను. వానాకాలంలో మళ్ళీ చెయ్యలేదు. అది నా పనిలో లోటే, ఒప్పుకుంటాను. కానీ పల్లె కాలేజీల్లో ఐస్ లేదు, మంచి త్రాసు లేదు. ఆకు కషాయం పద్ధతి వల్లే అక్కడి పిల్లలు నానో కణాన్ని చూడగలుగుతున్నారు. దాన్ని చిన్నచూపు చూడొద్దు.

టిండాల్_దీపం
చిన్నచూపు లేదు. మీరు చెప్పిన ఆ కారణానికి నేనూ ఒప్పుకుంటాను. ఈ అమ్మాయి మాత్రం "ఎందుకు" అని అడుగుతోంది. కషాయంలో పదుల పదార్థాలుంటాయి, ఆ ఎందుకుకు జవాబు దొరకదు. బోరోహైడ్రైడ్ పద్ధతిలో ఉన్నవి నాలుగే వస్తువులు. ఒక్కొక్కటి మార్చి చూస్తే దొంగ దొరుకుతాడు.

ల్యాబ్_అక్క_కడప
@తంగేడు_పూలు మీ ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికాలను గుర్తించే పరీక్ష) వెండివి కాక 32, 46 డిగ్రీల దగ్గర గీతలేమైనా ఉన్నాయా?

తంగేడు_పూలు
ఉన్నాయి. 38, 44, 64, 77 వెండివి. 32, 46 దగ్గరివి ఆకులోని ఏదో స్ఫటికం అని రాశాను.

ల్యాబ్_అక్క_కడప
అవి సిల్వర్ క్లోరైడ్‌వి. 27.8 దగ్గర కూడా ఒక చిన్నది ఉంటుంది, మళ్ళీ చూడండి. ఆకుల్లో క్లోరైడ్ సహజంగానే ఉంటుంది. కషాయంలోకి దిగి వెండిని పట్టుకుంటుంది. ఆకు పద్ధతి రిపోర్టుల్లో చాలాచోట్ల ఆ గీతలు పేరు లేకుండా మిగిలిపోతుంటాయి.

తంగేడు_పూలు
ఇప్పుడే తీసి చూశాను. 27.8 దగ్గర ఉంది. రెండేళ్ళుగా కళ్ళముందే ఉంది అక్కా. థీసిస్ ఇవ్వకముందే తెలిసింది, నీకు రుణపడి ఉంటా.

ప్రొద్దుటూరు_పుత్తడి
నేను కెమిస్ట్రీ చదవలేదు, ఇంటర్‌తో ఆపేశాను. మాది కంసాలి పని. ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నా, ఒక సంగతి అడగాలి.

పాత బంగారం శుద్ధి చేసేటప్పుడు ఆక్వా రీజియాలో కరిగిస్తాం. వెండి తెల్లగా అడుగున పడుతుంది, మీరు చెప్పే క్లోరైడ్ అదే అనుకుంటా. పైన పచ్చటి నీళ్ళలో బంగారం ఉంటుంది. దాన్ని మందు వేసి దించితే మట్టిరంగు పొడి వస్తుంది, మూసలో కరిగిస్తే అప్పుడు మెరుస్తుంది. ఇక పారబోసే యాసిడ్‌లో బంగారం ఇంకా మిగిలిందో లేదో చూడ్డానికి మా నాయన తగరంతో చేసిన మందు ఒక చుక్క వేస్తారు. బంగారం ఉంటే ముదురు ఊదారంగు తిరుగుతుంది. ఎంత కొంచెం ఉన్నా తెలుస్తుంది. పచ్చటి బంగారం ఊదారంగు ఎందుకవుతుందని చిన్నప్పుడు అడిగితే "అది దాని గుణం రా" అన్నారు. మీరు చెప్పే నానో కణాలూ, ఇదీ ఒకటేనా?

పాత_బీకరు
నాయనా, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, ఇంత మంచి ప్రశ్న క్లాసులో ఎవరూ అడగలేదు. అవును, అదే ఇది.

మీ నాయన వేసేది స్టానస్ క్లోరైడ్. అది బంగారు అయాన్లను లోహంగా మారుస్తుంది. ఆ లోహం ముక్కలుగా పడదు, నానో కణాలుగా తగరపు ఆక్సైడ్ మీద అంటుకుని తేలుతుంది. దాన్ని 'పర్పుల్ ఆఫ్ కాసియస్' అంటారు. 17వ శతాబ్దం నుంచి యూరప్‌లో ఎర్రగాజు చేయడానికి వాడారు. అది ఒక సమ్మేళనమా, మిశ్రమమా అని చాలాకాలం తెగలేదు. దాన్ని తేల్చినవాళ్ళలో రిచర్డ్ జిగ్మండీ ముఖ్యుడు, కొల్లాయిడ్ల (ద్రవంలో కరగకుండా తేలే సన్నటి కణాల) మీద చేసిన పనికి 1925 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు వచ్చింది. అంతకు ముందే 1857లో మైకేల్ ఫారడే పాస్ఫరస్‌తో బంగారాన్ని క్షయకరణం చేసి కెంపురంగు ద్రావణం తీశాడు, ఆ రంగు సన్నటి బంగారు కణాలదేనని చెప్పాడు. మీ ఇంట్లో రోజూ జరిగే పరీక్ష ఆ కోవలోదే.

ప్రొద్దుటూరు_పుత్తడి
నాయనకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ ఊదారంగు కూడా బంగారమే అన్నమాట" అన్నారు.

కొండారెడ్డి_బురుజు
రంగు ఎందుకు మారుతుందో ఎవరైనా మామూలు మాటల్లో చెప్పండి. వెండి తెల్లన, పొడి చేస్తే పసుపు ఎందుకు?

టిండాల్_దీపం
లోహంలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి. కణం 10, 20 నానోమీటర్లకు చిన్నదైపోతే, దాని మీద పడే వెలుగు ఆ ఎలక్ట్రాన్లన్నింటినీ కలిపి ఒక్కటిగా ఊపుతుంది, ఉయ్యాల ఊగినట్టు. ఉయ్యాలకు దాని లయ ఉంటుంది కదా, ఆ లయకు సరిపోయే వెలుగును మాత్రమే కణం మింగేస్తుంది. వెండికి అది 400 నానోమీటర్ల దగ్గర, అంటే ఊదా. తెల్లటి వెలుగులోంచి ఊదా పోతే మన కంటికి పసుపు కనిపిస్తుంది. బంగారానికి 520 దగ్గర, అంటే ఆకుపచ్చ పోతుంది, ఎరుపు మిగులుతుంది. కణాలు గుంపుకడితే లయ మారి శిఖరం పొడుగు తరంగాల వైపు జరుగుతుంది, వెడల్పవుతుంది. అందుకే వెండి బూడిదరంగుకు, బంగారం నీలానికి తిరుగుతాయి. రంగు చూసే కణాల ఆరోగ్యం చెప్పొచ్చు.

కొండారెడ్డి_బురుజు
అర్థమైంది. ఇంకొకటి. మా మామయ్య నెట్‌లో చూసి 'వెండి నీళ్ళు' తెప్పించుకుని రోజూ రెండు చెంచాలు తాగుతున్నాడు, రోగనిరోధక శక్తి అట. ఇదేనా అది?

ల్యాబ్_అక్క_కడప
వెంటనే మాన్పించండి. వెండి ఒంట్లో పేరుకుంటే చర్మం నీలం కలిసిన బూడిదరంగుకు తిరుగుతుంది, ఆర్జీరియా అంటారు. వచ్చిందంటే మామూలుగా పోదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 1999లోనే ఇలాంటి కొల్లాయిడ్ వెండి మందులకు భద్రతా లేదు, పనిచేస్తాయనీ లేదు అని తేల్చేసింది. ల్యాబ్ పళ్ళెంలో సూక్ష్మజీవుల మీద పనిచేయడం వేరు, మనిషి కడుపులోకి పోవడం వేరు. ముందు డాక్టరుకు చూపించండి.

కొండారెడ్డి_బురుజు
ఈ రాత్రికే ఫోన్ చేస్తా.

అనంత_రసాయనం
నీళ్ళ పరీక్ష చేశాను. రెండు చుక్కలకే పలచటి మజ్జిగలా అయింది. నల్ల కాగితం కూడా అక్కర్లేదు. పరీక్షనాళికను కిటికీలో పెడితే గంటలో ఊదా ఛాయ వచ్చింది, అక్క చెప్పినట్టే.

స్టోర్‌లో అడిగితే డిస్టిలేషన్ యూనిట్ కాయిల్ కాలిపోయి నెలలైందట. క్యాన్ ఖాళీ అయినప్పుడల్లా బయటి నుంచి తాగే నీళ్ళు తెచ్చి నింపుతున్నారు. స్టిక్కర్ మాత్రం పాతదే. ఐదు ప్రయోగాలు, ఒకటిన్నర నెల! ఆ క్యాన్ ముందు నిలబడితే ఏడుపొచ్చింది. నాకొక్కదానికే కాదు, మా క్లాసులో అందరి టైట్రేషన్లూ ఆ నీళ్ళతోనే.

పాత_బీకరు
ఏడవకు తల్లీ. అందరూ వాడే క్యాన్‌ను అనుమానించి పరీక్ష చేసింది నువ్వొక్కదానివే. ఆ పరీక్షనాళిక ఫొటో తీసి రికార్డులో పెట్టు. హెచ్.ఓ.డి.కి కూడా రాతపూర్వకంగా చెప్పు, మీ జూనియర్లకైనా మంచి నీళ్ళు వస్తాయి.

నల్లరేగడి
బ్యాటరీ కొట్టులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ పనికొస్తుందా?

ల్యాబ్_అక్క_కడప
కొన్ని సీసాలు బాగుంటాయి, కొన్ని ఉండవు. కొన్నాక అదే సిల్వర్ నైట్రేట్ పరీక్ష చెయ్యాలి. కుదిరితే దగ్గర్లో డబుల్ డిస్టిలేషన్ యూనిట్ నడుస్తున్న ల్యాబ్‌లో అడిగి రెండు లీటర్లు తెచ్చుకో చెల్లీ. సంవత్సరమంతా కావాలంటే ఎవరూ ఇవ్వరు కానీ రెండు లీటర్లు కాదనరు.

ఇక గాజుసామాను. ఆక్వా రీజియా అన్నావు. అది బంగారం పనికి సరిగ్గా సరిపోతుంది, వెండి పనికి నేను వాడను. దానిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూడొంతులు. గాజుకు అంటిన వెండి కరగకుండా క్లోరైడ్ పొరలా మిగులుతుంది. వెండికి ఉత్త నైట్రిక్ ఆమ్లం చాలు, సగం నీళ్ళు కలిపి, ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగే పెట్టెలో). తర్వాత మంచి డిస్టిల్డ్ నీళ్ళతో మూడుసార్లు తొలవాలి. కుళాయి నీళ్ళు చివర్లో తగలకూడదు.

నల్లరేగడి
క్లోరైడ్ పొర ఇప్పటికే పట్టి ఉంటే? అమ్మోనియాలో కరుగుతుందని చదివిన గుర్తు.

పాత_బీకరు
కరుగుతుంది. కానీ ఇక్కడ అందరూ జాగ్రత్తగా వినాలి. అమ్మోనియా కలిసిన వెండి ద్రావణాన్ని ఒక్క పూట కూడా నిలవ ఉంచకూడదు. ఉంచితే నల్లటి పేలుడు పదార్థం తయారవుతుంది, కదిపినా పేలుతుంది. టోలెన్స్ కారకాన్ని (అదీ అమ్మోనియా కలిసిన వెండి ద్రావణమే) ఎప్పటికప్పుడు చేసుకుని అప్పుడే పారబోయమనేది అందుకే. గాజు కడిగిన వెంటనే బాగా నీళ్ళు కలిపి, పలుచటి ఆమ్లం చేర్చి తటస్థం చెయ్యాలి. అనుభవం లేకపోతే ఆ బీకరు పక్కన పెట్టి కొత్తది తీసుకో, అదే మేలు.

టిండాల్_దీపం
బీడ్ కూడా చూడు. తెల్లటి టెఫ్లాన్ బీడ్ మీద బూడిద గీతలుంటే అది పాత వెండి. కొత్త వెండి దాని మీదే పేరుకుంటుంది.

అనంత_రసాయనం
బీడ్ ఒక పక్క మొత్తం బూడిదగా ఉంది, నేను అది దాని రంగే అనుకున్నా. నైట్రిక్‌లో వేస్తే పావుగంటలో తెల్లగా బయటికొచ్చింది.

అనంత_రసాయనం
ఇవాళ ఆరోసారి. మొత్తం రాస్తాను.

నీళ్ళు వేరే ల్యాబ్ నుంచి. సిల్వర్ నైట్రేట్ వేస్తే గాజులా స్పష్టంగా ఉన్నాయి. బోరోహైడ్రైడ్ సీసా తెరిస్తే పొడి ముద్దకట్టి ఉంది, తేమ పట్టినట్టుంది. స్టోర్‌లో ఇంకో సీల్ విప్పని సీసా ఉంటే అడిగి తీసుకున్నా. ఐస్ సోడా కొట్టు నుంచి గడ్డగా తెచ్చి థర్మోకోల్ పెట్టెలో కొట్టి పెట్టా. స్టిర్రర్‌ను ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేసి కిటికీకి దూరంగా జరిపా. వెండి ద్రావణం బ్యూరెట్‌లో పోసి చుక్కచుక్కగా వదిలా.

మొదటి పది చుక్కలకు ఏమీ లేదు. తర్వాత చుక్క పడినచోట తేనెచుక్క కరిగినట్టు పసుపు తీగ లేచి కలిసిపోయింది. మళ్ళీ ఇంకోటి. మూడో నిమిషానికి బీకరు మొత్తం నిమ్మతొక్క రంగు! తెల్లటి మబ్బు లేదు. చివరి చుక్క పడగానే స్టిర్రర్ ఆపేసి బీడ్ తీసేశా. లేజర్ లైట్ వేస్తే గీత గీసినట్టు మెరిసింది, అంటే కణాలు తేలుతున్నాయి. గంటన్నరైంది, రంగు అలాగే ఉంది. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

సప్తగిరి_సర్కిల్
సోడా కొట్టు ఐస్ గెలిచింది!

తంగేడు_పూలు
ఫొటో చూసి నాకే కడుపు నిండిపోయింది చెల్లీ. నా కషాయంలో ఇంత శుభ్రమైన రంగు ఎప్పుడూ రాలేదు.

టిండాల్_దీపం
యు.వి. (శోషణ శిఖరం చూపే గీత) తీయించు. మర్నాడు ఒకటి, నాలుగో రోజు ఒకటి. శిఖరం కదలకపోతేనే నిలిచినట్టు. కణాలకు తొడుగు వేసే పాలిమర్ పి.వి.పి. కాస్త కలిపితే ఇంకా ఎక్కువ రోజులు ఆగుతుంది, కానీ కొంత పి.వి.పి. లేకుండా కూడా ఉంచు, పోల్చి చూపించడానికి. ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, గడ్డకట్టకూడదు. గడ్డకడితే కణాలన్నీ ముద్దవుతాయి.

పాత_బీకరు
ఇప్పుడు నిజమైన ప్రాజెక్టు మొదలైంది. ఒక్కో తప్పునూ కావాలని మళ్ళీ చెయ్యి. ఒక బీకరులో పాత క్యాన్ నీళ్ళు, ఒకదానిలో అరగంట స్టిర్రింగ్, ఒకదానిలో వరస తిరగేసి (నీ పాత పద్ధతిలో వెండిలోకి బోరోహైడ్రైడ్ పోసి), ఒకదానిలో ఐస్ లేకుండా. నాలుగింటి యు.వి. గీతలు మంచిదాని పక్కన పెట్టు. వైవాలో ఎగ్జామినర్ ఏమడిగినా నీ దగ్గర జవాబుంటుంది. వ్యర్థాలు సింకులో పోయకు, ఒక సీసాలో పోగుచేసి ఉప్పు వేస్తే వెండి మొత్తం అడుగుకు దిగుతుంది. ఆ సీసాలో అమ్మోనియా మాత్రం కలవకూడదు.

అనంత_రసాయనం
నాలుగో రోజు. శిఖరం మొదటి రోజు 394, ఇవాళ 396. గీత సన్నగా, కొండలా లేచింది. కావాలని చెడగొట్టిన నాలుగూ చేశాను. పాత క్యాన్ నీళ్ళది అన్నింటికంటే ముందే పోయింది, పది నిమిషాల్లో. స్టిర్రింగ్ ఆపనిది అరగంటకు బూడిదరంగు. వరస తిరగేసింది ముదురు గోధుమరంగుకు వచ్చి ఆగింది. ఐస్ లేనిది సాయంత్రం దాకా బాగానే ఉంది, మర్నాటికి మసకబారింది. కాబట్టి అక్క, టిండాల్_దీపం సార్, పాత_బీకరు సార్, ముగ్గురూ చెప్పిందీ నిజమే.

గైడ్ సార్‌కు ఐదు సీసాలూ వరసగా పెట్టి చూపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆకు కషాయం మాట ఎత్తలేదు. కొత్త కాయిల్‌కు ఇండెంట్ రాయమన్నారు, నేనే రాశాను.

కొండారెడ్డి_బురుజు
మామయ్య మానేశాడు. సీసా పారబోస్తూ ఉంటే దాని రంగు చూశాను, బూడిదరంగు. ముందైతే నాకు తెలిసేది కాదు.

అనంత_రసాయనం
ఇంకో వారం టైముంది. సిట్రేట్‌తో బంగారం చెయ్యాలనుంది. గోల్డ్ క్లోరైడ్ మా దగ్గర అర గ్రాము ఉంది. సరిపోతుందా?

ల్యాబ్_అక్క_కడప
కావలసినంత. 1 మిల్లీమోలార్ ద్రావణం 20 మి.లీ.కి 8 మిల్లీగ్రాములు చాలు, అందులో బంగారం నాలుగే. మరుగుతుండగా 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ 2 మి.లీ. ఒక్కసారిగా పోయాలి. ఇక్కడ చుక్కచుక్క కాదు, గుర్తుంచుకో. లేత పసుపు పోతుంది, ఓ క్షణం నీళ్ళలా, తర్వాత నల్లగా, భయపడకు, ఆ వెంటే వైన్ ఎరుపు. 1951లో టర్కెవిచ్ బృందం చేసిన పద్ధతి. సిట్రేట్ తగ్గిస్తే కణాలు పెద్దవవుతాయని 1973లో ఫ్రెన్స్ చూపించాడు, టైముంటే అదీ చెయ్యి. ఈసారి గాజుకు ఆక్వా రీజియా వాడొచ్చు.

ప్రొద్దుటూరు_పుత్తడి
నాలుగు మిల్లీగ్రాముల బంగారానికి గ్లాసంత ఎరుపా! మా గీటురాయి మీద గీత గీసినా కనిపించీ కనిపించనంత అది. చెల్లీ, అది చేశాక ఒక చిన్న సీసా మా నాయనకు చూపించాలి. ఆయన తగరం మందు వేసి ఊదారంగు నీకు చూపిస్తానంటున్నారు. ఆదివారం కొట్టు మధ్యాహ్నం దాకా తీసే ఉంటుంది.

అనంత_రసాయనం
తప్పకుండా వస్తానన్నా. మా అమ్మను కూడా తీసుకొస్తా. ఎరుపు సీసా, పసుపు సీసా రెండూ తెస్తా.

పాత_బీకరు
పసుపు సీసాకు నల్ల కాగితం చుట్టు. బస్సులో కిటికీ పక్కన కూర్చోకు, ఎండ తగులుతుంది.